నాన్న ‘చూద్దాంలే’ అంటున్నారు, నేను ఈ లైన్ వదిలేయాలా?

తెనాలి నుంచి ఓ అమ్మాయి అడిగింది: “బీకాం కంప్యూటర్స్ ఫైనల్ ఇయర్ సార్. నాన్నకి పైపులు, శానిటరీ హోల్‌సేల్ షాపు. బిల్లులు, స్టాకు, లెక్కలు అన్నీ ఒకేచోట చూసే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెడదామంటే మూడేళ్లుగా చూద్దాంలే అంటున్నారు. ఇలాంటి వ్యాపారాల్లో టెక్నాలజీ ఉద్యోగాలే ఉండవా? కోడింగ్‌కి మారిపోనా?”

తొందరపడకమ్మా. ముందు మీ కౌంటర్ మీద క్యూఆర్ స్టికర్ ఉందేమో చూడు, ఉండే ఉంటుంది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడు నవంబర్‌లో నోట్లు రద్దయ్యాయి, చిల్లర దొరకలేదు, తర్వాత్తర్వాత కొనేవాళ్లే ఫోన్ పట్టుకుని నిలబడ్డారు. స్టికర్ అంటించడానికి ఖర్చు లేదు, నేర్చుకోవడానికి పది నిమిషాలు చాలు.

ఈఆర్‌పీ అలా కాదు. డబ్బు ముందే కట్టాలి. అరంగుళం ఎల్బో, ముప్పావు ఎల్బో, ఒక్కో కంపెనీది ఒక్కో రేటు, వీటన్నిటికీ పేరు, హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకు రకాన్ని గుర్తించే నంబర్) కొట్టి ఎక్కించాలి. ఇరవై ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమాస్తాకి తన పని పోతుందేమోనని టెన్షన్. వాకిట్లో లారీ లోడవుతుంటే బిల్లింగ్ ఆగిపోతే ఏంటి గతి? మీ నాన్నగారి వెనకడుగులో న్యాయం ఉంది.

మరి ఎప్పుడు మారతారంటావా, నేను చూసినంతలో, సరుకు కొనే పార్టీ అడిగినప్పుడు. జీఎస్టీలో ఈ-ఇన్వాయిస్, అంటే బిల్లుని ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం, 2020 అక్టోబర్‌లో 500 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి మొదలై, విడతలుగా దిగుతూ 2023 ఆగస్టుకల్లా 5 కోట్లు దాటినవాళ్ల దాకా వచ్చింది. ఆ పరిధిలోకి వచ్చాక వ్యాపారులకి ఇచ్చే బిల్లుకి పోర్టల్ నుంచి ఐఆర్‌ఎన్ అనే గుర్తింపు నంబర్ రాకపోతే అది చెల్లదు, కొన్నవాళ్ల ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని తమ పన్నులో తగ్గించుకోవడం) ఇబ్బందిలో పడుతుంది. ఇక వాళ్లు ఊరుకుంటారా? కూతురికి చూద్దాంలే అని చెప్పొచ్చు గానీ, నెలకి ఇన్ని లక్షల సరుకు ఎత్తే పార్టీకి చెప్పలేరు.

నీ ఉద్యోగం అక్కడుంది. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీని లోతుగా నేర్చుకో, జీఎస్‌టీఆర్-2బీని (సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల ప్రకారం మనకొచ్చే క్రెడిట్ పట్టీ) కొనుగోలు బిల్లులతో సరిపోల్చడం చేతికి రావాలి, స్టాక్ ఐటెమ్‌లు తప్పుల్లేకుండా ఎక్కించడం రావాలి. ఊళ్లో ఆడిటర్ గారి ఆఫీసులో ఆర్నెల్లు పనిచెయ్యి, జీతం తక్కువైనా సరే, 5 కోట్లకి దగ్గరపడుతున్న షాపుల వాళ్లు మొదట పరిగెత్తుకొచ్చేది అక్కడికే. కోడింగ్ మీద ఇష్టముంటే సాయంత్రాలు నేర్చుకో, అడ్డేం కాదు.

ఈఆర్‌పీ మాట కొన్నాళ్లు ఎత్తకు. ఆదివారం షాపు మూసి ఉన్నప్పుడు, గుమాస్తా గారిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, బాగా అమ్ముడయ్యే యాభై ఐటెమ్‌లు టాలీలో ఎక్కించి చూడు. ఏ ఐటెమ్‌ని షాపులో ఏమని పిలుస్తారో ఆయనకే తెలుసు.