బీఈడీ చదివి వచ్చాను, ఇక్కడ ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చదువు చెప్పే స్పెషల్ ఎడ్యుకేషన్‌లోకి వెళ్ళొచ్చా?

తప్పకుండా వెళ్ళొచ్చు. కాకపోతే అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్ళు ముందు వీసా సంగతి చూసుకోవాలి. హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్న అందరికీ పని అనుమతి ఉండదు. హెచ్-1బి మీద ఉన్న భర్తకో భార్యకో ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే ఈఏడీకి, అంటే పని అనుమతి కార్డుకి, అప్లై చేసుకోవచ్చు. ఈ వీలు 2015 నుంచి ఉంది.

నేను ఇద్దరు పిల్లల్ని పెంచుతూ ఈ ఉద్యోగం చేశాను. పిల్లల సెలవులే మనకీ సెలవులు కదా అని చాలామంది ఇటు వస్తారు. అది నిజమే, కానీ ఐఈపీల (ఒక్కో బిడ్డకి విడిగా రాసే చదువు ప్రణాళికల) రాతపని సాయంత్రాల్లోకి వచ్చేస్తుంది. ప్రతి బిడ్డ ఐఈపీనీ కనీసం ఏడాదికోసారి సమీక్షించాలి. బిడ్డకి ఈ సేవలకి అర్హత ఉందో లేదో మామూలుగా మూడేళ్ళకోసారి మళ్ళీ చూడాలి. ఇంట్లో వంట, హోంవర్క్ మీరొక్కరే చూసుకోవాల్సి వస్తే ఈ ఉద్యోగంలో నిలవడం కష్టం. ఆ మాట చేరకముందే భర్తతో తేల్చుకోండి.

మాటలు రాని ఒక బాబు నెలల తరబడి ఏడుపుతోనే అన్నీ అడిగేవాడు. ఒకరోజు నీళ్ళ బొమ్మ ఉన్న కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రం మా అమ్మాయి లెక్కల్లో మార్కులు తగ్గాయని చెబితే నాకు కోపం రాలేదు. ఎక్కడ ఆగిపోయిందో కూర్చుని చూశాం. ఈ పని నా ఇంటికి ఇచ్చింది అదే.

మనలాంటివాళ్ళ అవసరం ఇక్కడ నిజంగా ఉంది. "వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు, వాడే మాట్లాడతాడులే" అని పెద్దవాళ్ళంటే, అమ్మానాన్నలు ఏడాది ఆగిపోతారు. మూడేళ్ళలోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ (ఎదుగుదలలో వెనకబడిన చిన్నపిల్లలకి ముందుగానే అందే సాయం) ఉంది, మూడు నిండాక స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్తుంది. బడిలో స్పెషల్ ఎడ్యుకేషన్ పొందే హక్కుకి పునాది 1975 నాటి అమెరికా చట్టం. వీసా ఏదైనా ఆ బిడ్డకి ఈ హక్కు ఉంటుంది. ఐఈపీ మీటింగులో టీచర్‌కి ఎదురు చెప్పకూడదని మనవాళ్ళు తలూపి సంతకం పెట్టేస్తారు. తెలుగు దుభాషి కావాలని అడగొచ్చని వాళ్ళకి చెప్పేవాళ్ళుండాలి. ఇంట్లో తెలుగు మానేయక్కర్లేదని కూడా చెప్పాలి. నానమ్మతో మాట్లాడే భాషని ఆ బిడ్డకి దూరం చేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

ఈఏడీ చేతికి వచ్చాక నేరుగా టీచర్ సర్టిఫికెట్ వెనకపడకండి. ముందు పారాప్రొఫెషనల్‌గా, అంటే క్లాసులో టీచర్‌కి సహాయకురాలిగా, ఒక ఏడాది చేయండి. జీతం తక్కువే. అయినా గట్టిగా అరిచే, కొరికే, పారిపోయే పిల్లలతో రోజంతా ఉండగలమా అన్నది అక్కడే తెలుస్తుంది. లైసెన్స్ రూల్స్ రాష్ట్రానికో రకంగా ఉంటాయి కాబట్టి మీ రాష్ట్ర విద్యాశాఖ సైట్ చూడండి. డిగ్రీ, బీఈడీ రెండింటికీ క్రెడెన్షియల్ ఎవాల్యుయేషన్ (మన చదువు ఇక్కడి ఏ చదువుకి సమానమో చెప్పే రిపోర్టు) అడుగుతారు. ఇండియా వెళ్ళినప్పుడు యూనివర్సిటీలో ట్రాన్‌స్క్రిప్ట్‌లకి అప్లై చేసి రండి, ఇక్కడినుంచి తెప్పించుకోవడం పెద్ద టెన్షన్.