సమాధానం: నెల్లూరులో ఆదివారాలు ఖాళీ, ఊరికి ఏం చేయొచ్చు?

బ్యాంకు ఉద్యోగం, రూము తప్ప ఊళ్లో ఎవరూ తెలియరు, ఆదివారమే ఖాళీ అన్నావు కదా అబ్బయ్యా. ముందు రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు వెళ్లు. 18 ఏళ్లు నిండి, బరువు 45 కిలోలు దాటి, ఆరోగ్యంగా ఉంటే మగవాళ్లు 3 నెలలకోసారి రక్తం ఇవ్వొచ్చు. ఇచ్చాక జ్యూస్ తాగుతూ కాసేపు కూర్చో, అక్కడే నలుగురు పరిచయమవుతారు.

మొహర్రంకి రొట్టెల పండగ వస్తుంది. స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి "ఉద్యోగ రొట్టె ఎవరి దగ్గరుంది?" అని అరుస్తుంటారు; ఉద్యోగం వచ్చినవాళ్లు తెచ్చిన రొట్టెను ఉద్యోగం కోరుకునేవాళ్లు తీసుకుంటారు. ఆ రద్దీలో తప్పిపోయిన పిల్లల్ని చూసుకోవడానికి, మంచినీళ్లు అందించడానికి మనుషులు ఎప్పుడూ చాలరు. వారం ముందే వెళ్లి అడుగు. కొత్త సంఘం మాత్రం పెట్టకు, సగం వాట్సాప్ గ్రూపుల్లోనే ఆగిపోతాయి.