కట్జ్ డెలీలో బీఫ్ తినని వాళ్లకి

న్యూయార్క్‌లో మీ ఆఫీసు వాళ్లు కట్జ్ డెలికటెసెన్‌కి తీసుకెళ్తున్నారా, మీరేమో బీఫ్ తినరు, చికెన్ అయితే ఓకేనా? టెన్షన్ పడకండి. 1888 నాటి ఆ యూదుల హోటల్‌కి పేరు తెచ్చిన పాస్ట్రామీ (మసాలా పట్టించి పొగబెట్టిన మాంసం) బీఫే, ఉప్పులో ఊరబెట్టిన కార్న్‌డ్ బీఫ్ సంగతి చెప్పక్కర్లేదు. మీరు మాట్జో బాల్ సూప్ తీసుకోండి. పులియని రొట్టె పొడిలో గుడ్డు కలిపి చేసిన ఉండలు, వేడి చికెన్ సూప్‌లో వేసిస్తారు. నాకైతే లాట్కెలు ఇంకా ఇష్టం: బంగాళదుంప తురుముతో నూనెలో వేయించిన చిన్న అట్లు, ఆపిల్ సాస్‌తో తింటారు. బీఫ్ కొవ్వు కాదు కదా అని, ఏ నూనెలో వేయిస్తారో అడగండి. ఉప్పునీటిలో ఊరిన కీర దోసకాయలూ ఉంటాయి, కారం ఆశించకండి! గుమ్మం దగ్గర ఇచ్చే టికెట్ మాత్రం పోగొట్టుకోవద్దు, ఆర్డర్లు దానిమీదే రాస్తారు, పోతే జరిమానా కట్టాలి.