మళ్ళీ బాప్తిస్మం తీసుకోవాలా అని అడిగారు కదా, మా నాయనమ్మకి జరిగింది చెప్తాను

పెళ్ళి కుదిరింది, అబ్బాయి వాళ్ళ సంఘంలో "తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో తీసుకున్న బాప్తిస్మం చెల్లదు, యేసు నామంలో మళ్ళీ తీసుకోవాలి" అంటున్నారు, ఏం చెయ్యమంటారు అని అడిగారు. అక్కర్లేదండీ. నా మాట ఇదే.

మాది ఒంగోలు పక్క పల్లె. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి మిషన్‌వాళ్ళు బాప్తిస్మం ఇచ్చిన సంగతి మా వైపు పెద్దోళ్ళందరూ చెప్పుకుంటారు, అప్పుడే పెద్ద కరువు గడిచి బతికి బయటపడ్డ జనం. మా నాయనమ్మ కూడా పదహారేళ్ళప్పుడు అదే ఏట్లో మునిగింది. డెబ్బై దాటాక బాబాయి దగ్గర ఉండడానికి టౌనుకెళ్ళింది, అక్కడి సంఘంలో పాస్టరు గారు "అమ్మా, నీది బాప్తిస్మమే కాదు, వట్టి స్నానం" అనేశారు. ప్రభువు బల్లలో, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే దాంట్లో కూడా చెయ్యి వెయ్యనివ్వలేదు. మూడు రాత్రులు నిద్రపోలేదు మా నాయనమ్మ. ఫోన్ చేసి ఏడుస్తూ, "ఒరేయ్, ఆ రోజు అయ్యగారు ఏమన్నారో నాకు గుర్తులేదురా, చెవుల్లో నీళ్ళు పోయినయ్యి, నా ముక్కు మూసి పట్టుకున్న ఆయన చెయ్యే గుర్తుంది" అంది. ఆ మాట ఇప్పటికీ నా గుండెల్లో ఉంది.

చివరికి ఒప్పుకుంది. మందిరం వెనక సిమెంటు తొట్టి. నీళ్ళలో చీర తేలకుండా కుచ్చిళ్ళకి పిన్నీసులు పెట్టారు, మోకాళ్ళ నొప్పులతో మెట్లు దిగలేకపోతే ఇద్దరు పట్టుకుని దింపారు, నేను టవల్ పట్టుకుని గట్టు మీద నిలబడ్డా. "యేసుక్రీస్తు నామమున" అని ముంచారు. పైకి లేచి, మొహం మీద నీళ్ళు తుడుచుకోకుండానే ఈవిడ "తండ్రి కుమార పరిశుద్ధాత్మ దేవా నీకు స్తోత్రం" అంది! జీవితమంతా అలవాటైన మాట, అదే వచ్చింది. అందరూ నిశ్శబ్దం. పాస్టరు గారు మళ్ళీ ముంచాలా వద్దా అన్నట్టు చూశారు, నేను గబగబా టవల్ కప్పి తీసుకొచ్చేశాను.

వాళ్ళకి వాక్యం లేదని నేను అనను. అపొస్తలుల కార్యాలు 2:38, 8:16, 10:48, 19:5 అన్నిట్లో యేసు నామమే. మత్తయి 28:19లో ముగ్గురి నామం చెప్పింది కూడా ప్రభువే కదా. నామమున అంటే ఆయన అధికారంతో, ఆయనకి చెందినవాడిగా అని. కలెక్టరు గారి పేరు మీద వచ్చాను అని వీఆర్వో అంటే ఆయన పేరు జపిస్తున్నాడనా? మనం తండ్రి కుమార పరిశుద్ధాత్మ అంటాం, క్యాథలిక్కులు పిత పుత్ర పవిత్రాత్మ అంటారు, దేవుడికి తెలుగు రాదా?

ఈ గొడవ మన దగ్గర పుట్టింది కూడా కాదు. 1913లో లాస్ ఏంజిలెస్ దగ్గర పెంతెకోస్తు క్యాంపు మీటింగులో ఒక బోధకుడి ప్రసంగంతో రాజుకుంది, 1916కల్లా అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకోస్తు సంఘాల సమాఖ్య చీలి నూట యాభై మందికి పైగా సేవకులు బయటికెళ్ళిపోయారు. మాటల గొడవ క్యాథలిక్కుల్లోనూ ఉంది, బాప్తిస్మాన్ని వాళ్ళు జ్ఞానస్నానం అంటారు, "నేను" బదులు "మేము నీకు జ్ఞానస్నానం ఇస్తున్నాం" అంటే చెల్లదని 2020లో వాటికన్ చెప్పింది, డెట్రాయిట్‌లో ఒక ఫాదర్ గారు తన చిన్నప్పటి వీడియోలో ఆ మాట విని, జ్ఞానస్నానం దగ్గర్నుంచి ఫాదర్‌గా చేసే గురుపట్టాభిషేకం దాకా మళ్ళీ అన్నీ తీసుకోవాల్సొచ్చింది. వీడియో లేనివాళ్ళ సంగతేంటి, మా నాయనమ్మ లాంటోళ్ళు ఎవర్నడగాలి?

ఇంకోటి చెప్పాలి. టౌన్లో సంఘానికి సంఘానికి మధ్య రెండు వీధులు ఉండవు, కొత్త ఆత్మల దగ్గరికి వెళ్ళేవాళ్ళు తక్కువ, పక్కోడి బుట్టలో చేపలు ఏరుకునేవాళ్ళు ఎక్కువ. యూట్యూబ్ డిబేట్లలో అరుచుకోవడం చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

మీరు అబ్బాయితో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి, రేపు పిల్లలు పుట్టాక ఇదే గొడవ మళ్ళీ వస్తుంది. వాక్యం చదివి మీకు మీరుగా నమ్మితే తీసుకోండి, అది మీ ఇష్టం. కల్యాణమండపానికి అడ్వాన్సు ఇచ్చేశాం కదా అని మాత్రం నీళ్ళలో దిగకండి.