పుస్తకాల్లో లాభం ఉంది, బ్యాంకులో డబ్బు లేదు. ఏ లెక్క చూసి నిర్ణయం తీసుకోవాలి?

అరువు అమ్మకం జరిగిన రోజే లాభం పుస్తకాల్లోకి ఎక్కుతుంది. డబ్బు వచ్చేది మాత్రం బాకీ వసూలయ్యాకే. కాబట్టి లాభనష్టాల ఖాతా ఒక్కటే చూసి కొత్త మిషన్‌కు ఆర్డర్ పెట్టేయకండి.

రావాల్సిన బాకీలను ఏడాది అరువు అమ్మకాలతో భాగించి 365తో గుణించండి. బాకీలు 20 లక్షలు, అమ్మకాలు కోటి అయితే వసూలుకు సగటున 73 రోజులు. సరుకు ఇచ్చినవాళ్లకు మీరు 30 రోజుల్లో కట్టేస్తున్నారనుకోండి. వచ్చిన సరుకు ఆ రోజే అమ్ముడుపోయినా, మిగతా 43 రోజులు మీ జేబులోంచే నడవాలి. అసలు టెన్షన్ అక్కడే! గోడౌన్‌లో సరుకు పడి ఉండే రోజులు దీనికి అదనం.

ఇలాంటప్పుడు అమ్మకాలు పెంచితే ఇరుకు ఇంకా పెరుగుతుంది. నా ఉద్దేశంలో ముందు కొనేవాళ్లకు ఇచ్చే అరువు గడువు తగ్గించాలి. ఈ వసూలు రోజుల అంకెను కిందటేడు ఇదే నెలతో పోల్చండి, పోయిన నెలతో కాదు. సీజన్ తేడాలు తప్పుదారి పట్టిస్తాయి.