పడవ ట్రైలర్ మీద ఉండగా ఫిష్ ఫైండర్‌ని పరీక్షించడం ఎలా?

మీరు అడిగింది ఇదీ: కొత్త ఫిష్ ఫైండర్ (శబ్దంతో నీటి లోతునీ చేపల్నీ పసిగట్టి స్క్రీన్ మీద చూపే పరికరం) బిగించారు, పడవ ఇంకా ట్రైలర్ మీదే ఉంది, ఆన్ చేస్తే లోతు దగ్గర గీతలు మెరుస్తున్నాయి, మధ్యమధ్యలో ఏదో అంకె వచ్చి పోతోంది. పరికరం పాడైందా, నీళ్లలోకి దింపకముందే తేల్చుకోవచ్చా?

టెన్షన్ పడకండి, పాడైనట్టు కాదు. గాలిలో లోతు చూపించకపోవడమే దాని సహజం. శబ్దం పంపి, తిరిగొచ్చినదాన్ని అందుకునే భాగమే ట్రాన్స్‌డ్యూసర్. అందులో ఒక పీజో బిళ్ల ఉంటుంది. కరెంటు పల్స్ అందగానే అది కంపించి శబ్దం పంపుతుంది, తిరిగొచ్చిన ప్రతిధ్వనిని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. ఆ బిళ్లనీ దాని ముఖాన్నీ నీటికి తగ్గట్టు తయారుచేస్తారు. ముందు గాలి ఉంటే శబ్దం దాదాపు మొత్తం లోపలికే తిరిగిపోతుంది. బయటపడ్డ కాస్తంత కూడా 200 కిలోహెర్ట్జ్ దగ్గర గాలిలో వెంటనే ఆరిపోతుంది. పైగా లెక్కంతా నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుందన్న దాని మీద నడుస్తుంది. గాలిలో ఆ వేగం 340 మీటర్లే. కాబట్టి మీకు కనిపించిన అంకెలు ఉత్త నాయిజ్, వాటిని పట్టించుకోవద్దు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. చిన్న పడవలకు వాడే కొన్ని వందల వాట్ల యూనిట్లకు బయట కాసేపు ఆన్ చేసినంత మాత్రాన ఏమీ కాదు, అయినా నేను కొద్ది నిమిషాలకు మించి ఉంచను. కిలోవాట్ స్థాయి ట్రాన్స్‌డ్యూసర్ అయితే వేడిని లాగేసే నీరు లేక బిళ్ల దెబ్బతినొచ్చు. దానికి మెనూలో సోనార్ ట్రాన్స్‌మిట్ (శబ్దం పంపడం) ఆపేసి, మిగతావి మాత్రమే చూసుకోండి.

నేను మొదట చూసేది వోల్టేజ్. మెనూలో చూపిస్తే అక్కడే, లేదంటే ప్లగ్ దగ్గర మల్టీమీటర్‌తో. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసే క్షణంలో స్క్రీన్ ఆరిపోతోందేమో గమనిస్తాను. ఆరిపోతే బ్యాటరీ బలహీనంగా ఉన్నట్టో, వైరు సన్నమైనట్టో. సిమ్యులేటర్ మోడ్‌లో (పరికరం తనంతట తానే కల్పించి చూపే బొమ్మల్లో) చేపలు ఎంత అందంగా కదిలినా అది స్క్రీన్‌కి పరీక్షే తప్ప ట్రాన్స్‌డ్యూసర్‌కి కాదు.

నాకు బాగా నమ్మకమైన పరీక్ష చెవితో చేసేది. ఇంజిన్ ఆపి, సిమ్యులేటర్ తీసేసి, ట్రాన్స్‌డ్యూసర్ ముఖానికి చెవి ఆనించినంత దగ్గరగా పెట్టి వినండి. సన్నగా టిక్ టిక్ టిక్ అని వరసగా వినిపించాలి. 200 కిలోహెర్ట్జ్ మన చెవికి అందదు, మనం వినేది పల్స్ మొదలై ఆగే చప్పుడు. పింగ్ స్పీడ్ (పల్స్‌లు పంపే వేగం) పెంచితే టిక్కులూ వేగం అందుకుంటాయి. అలా మారిందంటే యూనిట్ పల్స్ పంపుతోంది, కేబుల్ మోస్తోంది, బిళ్ల కదులుతోంది. వీధిలో చప్పుడుంటే వినబడదు, తెల్లవారుజామున చూడండి.

ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే అరచేత్తో పట్టుకోండి, అంకె మెల్లగా పెరగాలి. దీంతోనే అంతా బాగుందని చాలామంది తేల్చేస్తారు. కానీ సెన్సర్ తీగలు వేరు, సోనార్ తీగలు వేరు. ఉష్ణోగ్రత సరిగ్గా చూపిస్తూ సోనార్ చచ్చిపోయి ఉన్న ట్రాన్స్‌డ్యూసర్‌ని నేను చూశాను.

ఇవన్నీ సరిపోయినా ప్రతిధ్వని తిరిగి వస్తోందా అన్నది తేలాలంటే నీరు కావాల్సిందే. బకెట్ సరిపోదు. పింగ్ పంపిన వెంటనే బిళ్ల ఇంకా మోగుతూ ఉంటుంది కాబట్టి మరీ దగ్గరి ప్రతిధ్వనిని పట్టలేదు. 200 లీటర్ల డ్రమ్ కొంత నయం, కానీ దాని లోతు కూడా మీటరు ఉండదు, శబ్దం గోడలకు కొట్టుకుని రెట్టింపు లోతు చూపించొచ్చు. అందుకే అక్కడ అంకె చూడకండి, తేడా చూడండి: ముంచకముందు ఖాళీగా ఉన్న స్క్రీన్ ముంచగానే దట్టంగా నిండాలి. స్విమ్మింగ్ పూల్ దొరికితే మరీ మంచిది. ట్రాన్స్‌డ్యూసర్‌ని కర్రకు కట్టి, నీటి మట్టానికీ అడుగుకీ మధ్యలో, ఎదుటి గోడవైపు అడ్డంగా తిప్పి పట్టుకోండి. లోతు దగ్గర కనిపించేది గోడకు ఉన్న దూరం, రెండడుగులు ముందుకు జరిగితే అంకె తగ్గాలి. ముంచేముందు ముఖాన్ని గిన్నెల సబ్బుతో తుడవండి, లేకపోతే కంటికి కనిపించనంత సన్నని బుడగలు అంటుకుని అన్నీ బాగున్నా ఏమీ చూపించదు.

ట్రాన్స్‌డ్యూసర్‌ని పడవ లోపలే, అడుగుకు అంటించాలనుకుంటే అంటించకముందే ఆ చోటు పరీక్షించుకోండి. పడవ నీళ్లలో ఉండగా లోపల కొంచెం నీళ్లు పోసి, ట్రాన్స్‌డ్యూసర్‌ని అందులో ఆనించి చూడండి. అడుగు ఫైబర్ పొరల మధ్య ఫోమ్ ఉన్న చోట ఏమీ రాదు, గట్టి ఫైబర్ ఉన్న చోటికి జరపాలి.

డ్రమ్‌లోనూ స్క్రీన్ ఖాళీగానే ఉంటే టిక్ వినిపించిందా, వోల్టేజ్ ఎంత ఉంది, మెనూలో సరైన ట్రాన్స్‌డ్యూసర్ రకం ఎంచుకున్నారా అన్నవి రాయండి. ఈలోగా కేబుల్ మాత్రం కోయకండి.