తాగే నాన్న, మాటల్లేని కూతురు, ఒక కారు: యూరప్ సినిమాల్లో చూపించేది నిజమేనా?

ప్రశ్న: యూరప్ రోడ్ సినిమాల్లో తాగుడుకు బానిసైన తండ్రి, ఏళ్లుగా ఆయనతో మాటల్లేని కూతురు ఒకే కారులో ఊళ్లు తిరుగుతారు. చివరికి ఆయన మానడు, ఆమె క్షమించదు, సినిమా అయిపోతుంది. ఇంత చప్పగా ముగిస్తే ఎలా? నిజంగా ఇలాగే ఉంటుందా?

జవాబు:

చప్పగానే ఉంటుందండీ. తాగే నాన్న ఉన్న ఇంట్లో పెరిగి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అలాంటి ప్రయాణం ఒకటి చేశాను కాబట్టి ఈ మాట అనగలుగుతున్నాను.

ముందు సినిమాల సంగతి. తాగే తండ్రి, దూరమైన కూతురు అనగానే నాకు గుర్తొచ్చేది ఆస్ట్రియా దర్శకుడు ఉల్రిష్ జైడ్ల్ తీసిన ‘రిమిని’ (2022). రిచీ బ్రావో ఒకప్పుడు పేరున్న గాయకుడు. ఇప్పుడు ఇటలీ తీరంలోని రిమినిలో, చలికాలం బోసిపోయిన హోటళ్లలో, బస్సుల్లో వచ్చే ముసలివాళ్లకు పాడుకుంటూ తాగుతూ బతుకుతుంటాడు. ఒకరోజు కూతురు టెస్సా ఊడిపడుతుంది. చిన్నప్పటి నుంచీ నాకోసం ఇవ్వాల్సిన డబ్బు ఒక్క పైసా ఇవ్వలేదు, ఇప్పుడు కక్కు అంటుంది. ఆ అమ్మాయి నాకు తెగ నచ్చింది. ప్రేమ సంగతి తర్వాత, ముందు లెక్క తేలాలి అనుకునే కూతుళ్లు చాలామందే ఉంటారు, బయటికి అనరంతే.

అది రోడ్డు సినిమా కాదు. రోడ్డు కావాలంటే థామస్ అర్స్లాన్ తీసిన జర్మన్ సినిమా ‘బ్రైట్ నైట్స్’ (2017) చూడాలి. ఇందులో తాగుడు గొడవ లేదు, కూతురి బదులు కొడుకు. తాత చనిపోతే నార్వే ఉత్తరాదికి వెళ్లిన తండ్రి, తనను సరిగ్గా ఎరగని పిల్లాణ్ని కారులో తిప్పుతాడు. ఒకచోట కెమెరా అద్దంలోంచి ఘాట్ రోడ్డునే చూస్తూ ఉంటుంది. పొగమంచు దట్టమవుతూనే ఉంటుంది, నిమిషాలు గడుస్తాయి, లోపల ఎవరూ నోరు విప్పరు. థియేటర్లో అయితే మనవాళ్లు ఈలలు వేసేవారేమో. తండ్రిగా చేసిన గియోర్గ్ ఫ్రీడ్రిష్‌కు ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి అవార్డు ఇచ్చారు. ‘రిమిని’లో రిచీ తమ్ముడూ ఈయనే.

ఇక మా నాన్న. కాకినాడ మనిషి. నా పెళ్లిరోజు పొద్దున్నే తాగి ఉంటే, కన్యాదానానికి పీటల మీద మేనమామను, అత్తయ్యను కూర్చోబెట్టారు. ఆ తర్వాత ఆయనతో నా మాటలు ‘అమ్మకు ఫోనివ్వు’ దగ్గర ఆగిపోయాయి. అమ్మ పోయింది, ఇక అలా అనడానికి లేకుండా పోయింది. వేసవిలో కొన్నాళ్లుండి వెళ్దువుగాని రమ్మని స్వీడన్‌కు పిలిపించాను. మేముండేది గోథెన్‌బర్గ్‌లో. అక్కడి నుంచి ఈ6 హైవే మీద ఓస్లోకు ఇద్దరమే బయల్దేరాం. మా ఆయనకు సెలవు దొరకలేదు. దొరక్కపోవడమే మంచిదైంది.

తాగే తండ్రి కూతురు కారెక్కగానే చేసే మొదటి పని తాళాలు ఎక్కడున్నాయో చూసుకోవడం. మా అమ్మ స్కూటర్ తాళం బియ్యం డబ్బాలో దాచేది. నేను జీన్స్ జేబులో పెట్టుకుని, పెట్రోలు బంకులో టాయిలెట్‌కు వెళ్లినా తీసుకునే వెళ్లాను. ఆయన దగ్గర లైసెన్సు లేదు, ఎడమ వైపు స్టీరింగున్న కారు ఎప్పుడూ ముట్టుకోలేదు, అయినా సరే. ఒక సినిమాలో కూతురు మాట మధ్యలో ఆపకుండా చెయ్యి మాత్రం తాళం మీద పెట్టిందంటే, ఆ దర్శకుడికి ఈ ఇళ్లు తెలుసనుకోవచ్చు. గ్లాసు చప్పుడు, చెప్పుల చప్పుడు, ఫోన్లో ‘హలో’ అనే తీరు... వీటితోనే ఎంత తాగాడో చెప్పేస్తాం. ఆ కాపలా బుద్ధి ఒక ట్రిప్పుతో పోదు.

నార్వే సరిహద్దులో స్వినెసుండ్ వంతెన ఉంది. దానికి ముందు, స్వీడన్ వైపు, పెద్ద షాపింగ్ సెంటర్. నార్వేలో మందూ మాంసమూ ఖరీదు కాబట్టి అక్కడివాళ్లు సరిహద్దు దాటొచ్చి డిక్కీలు నింపుకుని పోతారు. స్వీడన్‌లో బీరు 3.5 శాతం దాటితే ప్రభుత్వ దుకాణంలోనే కొనాలి, అది శనివారం మధ్యాహ్నం మూడింటికే మూసేస్తారు, ఆదివారం తెరవరు. మేం వెళ్లింది శనివారం, టైము రెండున్నర. ట్రాలీలు తోసుకుంటూ జనం పరుగులు. నాన్న కాసేపు నంబర్ ప్లేట్లు చూసి, “అయితే ఇది వీళ్ల యానామన్నమాట” అన్నాడు. కాకినాడవాళ్లకు వివరించక్కర్లేదు. మిగతావాళ్ల కోసం: యానాం పుదుచ్చేరి కిందికొస్తుంది, అక్కడ మందు చవక. నాకు నవ్వాగలేదు. ఆయన వల్ల నవ్వడం ఎన్నాళ్లకో.

వంతెన దాటాక చాలాసేపు మాటల్లేవు. ఆయన కూర్చున్న కుడి సీటు మన దగ్గర డ్రైవరుది. లారీ దగ్గరికొస్తే కాలితో లేని బ్రేకు తొక్కుతున్నాడు. ఉన్నట్టుండి అన్నాడు: “అల్లుడి కాళ్లు కడిగేటప్పుడు మీ మావయ్య నీళ్లు మరీ ఎక్కువ పోశాడు. పంచె అంతా తడిసిపోయింది.”

పెళ్లప్పుడు ఆయన లాడ్జి గదిలో పడి నిద్రపోతున్నాడనే మాకందరికీ తెలుసు. “నువ్వెక్కడున్నావు?” అన్నాను. “వెనక కుర్చీల్లో, ఫ్యాను పక్కన.” నేను ‘ఊఁ’ అన్నాను. కాసేపాగి కాఫీ తాగుదామా అని అడిగాను. సరేనన్నాడు. మీరు చప్పగా ఉందన్న సీను ఇదే. ఎదురెదురుగా కూర్చుంటే ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు, నేనూ వినేదాన్ని కాదు. కారులో ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది, ఎవరి మొహం ఎవరూ చూడక్కర్లేదు, కోపమొచ్చి లేచి వెళ్లిపోవడానికీ ఉండదు. ఈ కథల్ని కారులో పెట్టేది ఇందుకే అనుకుంటాను.

సినిమాల్లో నాకు చిరాకు తెప్పించేది వేరే. కూతురు సీసా తీసి సింకులో ఒంపేస్తుంది, మర్నాటికి తండ్రి స్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకుంటాడు. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తాయి. బయల్దేరే ముందే కాకినాడలో డాక్టరు ఈ సంగతి గట్టిగా చెప్పాడు: మాన్పించాలంటే ఆసుపత్రిలో పెట్టి మందులతో మాన్పించాలి, ప్రయాణంలో ప్రయోగాలు వద్దు. అందుకని సీసా డిక్కీలో పెట్టి, కారులో వద్దని, రాత్రి బస చేరాకే అన్నాను. పొద్దున కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకునేవాడు. నాన్నకు నేనే దగ్గరుండి పోశానని చెల్లెలు ఇప్పటికీ దెప్పుతుంది. దాని కోపం దానిది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే సినిమా చూసి నేర్చుకోకండి, డాక్టర్ని అడగండి. ఇండియాలో 14446 అని కేంద్ర ప్రభుత్వం ఉచిత హెల్ప్‌లైన్ కూడా ఉంది.

తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో అమెరికాలో మొదలైన అల్-అనాన్ అనే బృందాలున్నాయి. నేను అప్పుడప్పుడూ వెళ్తుంటాను. అక్కడ పదేపదే వినిపించేది మూడే ముక్కలు: ఇది మనవల్ల రాలేదు, మన అదుపులో లేదు, మనం నయం చేయలేం. ఒప్పుకోవడానికి టైము పడుతుంది కానీ, ఒప్పుకున్నాక ‘చివర్లో మారాలి కదా’ అనే టెన్షన్ సినిమాలు చూసేటప్పుడు కూడా తగ్గుతుంది.

నాన్న మానలేదు. తగ్గించానంటాడు, నేను నమ్మను. పొద్దుటి పూట మనిషి తేటగా ఉంటాడు కాబట్టి అప్పుడే ఫోన్ చేస్తాను. సాయంత్రం ఆయన చేస్తే ఎత్తను. ఆయనకూ తెలుసు, అడగడు.

ఏది ముందు చూడాలంటే ‘బ్రైట్ నైట్స్’తో మొదలుపెట్టండి, తీరిగ్గా ఉన్నరోజు. ‘రిమిని’ మాత్రం ఇంట్లో అందరూ ఉన్నప్పుడు పెట్టకండి, పడగ్గది సీన్లు దాపరికం లేకుండా తీశాడు.